అవతలి సర్వర్ ఉలకనప్పుడు: ఎన్ఎఫ్ఎస్, సాంబా, ఎస్ఎస్‌హెచ్‌ఎఫ్ఎస్, సింక్‌థింగ్‌లలో మీ ఇంటికి ఏది?

ఇంట్లో రెండు సర్వర్లు పెట్టుకుని, ఒకదాని డిస్కుని రెండోదానికి నెట్‌వర్క్ షేర్‌గా ఇచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఏది వేగం?" అని. గిగాబిట్ వైరు మీద ఎన్ఎఫ్ఎస్ (లినక్స్ సర్వర్ల మధ్య ఫోల్డర్ పంచే పద్ధతి) అయినా, సాంబా (విండోస్ పద్ధతిలో ఫోల్డర్ పంచే ప్రోగ్రామ్) అయినా పెద్ద ఫైళ్లకి సెకనుకి 110 ఎంబీ దగ్గర ఆగిపోతాయి. అసలు తేడా బయటపడేది డిస్కున్న సర్వర్ ఉన్నట్టుండి మాయమైనప్పుడు. అప్పుడు దాన్ని వాడుకుంటున్న సర్వర్ ఏం చేయాలి? వచ్చేదాకా కాచుకోవాలా, ఎర్రర్ చూపించి ముందుకు పోవాలా, అసలు సంబంధం లేనట్టు తన పని తను చేసుకోవాలా? ఈ మూడింట్లో మీకు ఏది కావాలో తేలితే ఏ షేర్ పెట్టాలో తేలిపోయినట్టే.

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, లైను ట్రిప్ అవుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల సంగతి చెప్పక్కర్లేదు. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది గానీ దాని లైను హాలుకీ, పడక గదులకీ మాత్రమే లాగి ఉంటుంది. రూటరు, టీవీ పక్కన పెట్టిన రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఆ లైను మీద బతికే ఉంటాయి. మేడమెట్ల కింద పెట్టిన డిస్కుల సర్వర్ డైరెక్టు లైను మీద ఉంటుంది కాబట్టి కరెంటు పోగానే అది పడిపోతుంది. అంటే ఒక సర్వర్ బతికుండి, రెండోది పోయిన స్థితి. షేర్ బిగుసుకుపోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. భీమవరం, పాలకొల్లు వైపు చెరువు గట్టు షెడ్లలో సర్వర్ పెట్టేవాళ్లకి ఇంకోటి తోడవుతుంది: నీటికి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లన్నీ ఒకేసారి అందుకున్నప్పుడు వోల్టేజి ఒక్క క్షణం కిందికి పడి, లైట్లు ఆరకుండానే సర్వర్ రీస్టార్ట్ అవుతుంది.

ముందు బిగుసుకున్నది ఎవరో తేల్చుకోండి

లక్షణాలు వాడే సర్వర్ మీద కనిపిస్తాయి. డిస్కుల్లో ఖాళీ చూపించే డీఎఫ్ ఆదేశం కొడితే ప్రాంప్ట్ తిరిగి రాదు, కంట్రోల్-సీ పనిచేయదు. సీపీయూ ఖాళీగానే ఉంటుంది, పనుల రద్దీ చెప్పే లోడ్ యావరేజ్ మాత్రం 15, 20 దాకా ఎక్కుతుంది. నడుస్తున్న ప్రోగ్రాములని (ప్రాసెస్‌లని) చూపించే పీఎస్ జాబితాలో స్టేట్ గడిలో 'డి' అక్షరమున్న ప్రాసెస్‌లు పేరుకుంటాయి. అవి పనిచేయడం లేదు, కెర్నెల్‌లో (లినక్స్ లోపలి ముఖ్యభాగంలో) జవాబు కోసం కాచుకుని ఉన్నాయి. లినక్స్ వాటిని కూడా లోడ్‌లో కలిపి లెక్కేస్తుంది. ఆ అంకె చూసి ర్యామ్ కొనడానికి పరుగెత్తకండి.

ఈ స్థితిలో షేర్‌ని తాకే ఆదేశం ఏదిచ్చినా ఆ టెర్మినల్ కూడా ఇరుక్కుంటుంది. డీఎఫ్‌కి లోకల్ డిస్కులు మాత్రమే చూపించే మైనస్-ఎల్ జోడించండి, లేదా మౌంట్ చేసిన (ఫోల్డర్‌గా తగిలించిన) డిస్కులు, షేర్ల జాబితా ఇచ్చే ఫైండ్‌మౌంట్ వాడండి. షేర్ పలుకుతోందో లేదో చూడాలంటే ఫైలు వివరాలు అడిగే స్టాట్ ఆదేశాన్ని టైమ్‌అవుట్ ద్వారా 5 సెకన్ల గడువుతో నడపండి, కానీ దానికి కిల్ సిగ్నల్ వాడమని తప్పకుండా చెప్పాలి. మామూలుగా అది పంపేది టెర్మ్ సిగ్నల్. ఎన్ఎఫ్ఎస్ కోసం కాచుకున్న ప్రాసెస్ దాన్ని వినదు, 9వ నంబరు కిల్‌ని మాత్రమే వింటుంది, అదీ ప్రతిసారీ కాదు.

ఆ తర్వాత అవతలి సర్వర్ నెట్‌వర్క్ మీద పలుకుతోందా అని పింగ్ చేయండి. పింగే రాకపోతే కరెంటు, వైరు, లేదా ఐపీ మారడం. రూటరు కూడా ఆగి లేచి ఉంటే డీహెచ్‌సీపీ (రూటరులో ఐపీలు పంచే భాగం) వేరే అడ్రస్ ఇచ్చి ఉండొచ్చు. రూటరులో మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తుకి) ఐపీ కట్టేసి ఉంచితే ఈ బాధ ఉండదు. పింగ్ వస్తోంది కదా అనుకుంటే పోర్టు (ఆ సర్వీసు వినే నంబరు) చూడాలి: ఎన్ఎఫ్ఎస్ 4వ వెర్షన్‌కి 2049 ఒక్కటే, సాంబాకి 445. నెట్‌క్యాట్ ఆదేశంతో తట్టి చూస్తే తెలుస్తుంది. ఎన్ఎఫ్ఎస్ 3వ వెర్షన్ అయితే 111తో పాటు మౌంట్‌డీ, స్టాట్‌డీ లాంటి సహాయక ప్రోగ్రాములు వేరే పోర్టుల మీద ఉంటాయి. ఫైర్‌వాల్‌లో వాటన్నిటినీ తెరవడం కంటే 4కి మారడం తేలిక.

పోర్టు తెరిచే ఉండి షేర్ మాత్రం పలకట్లేదంటే తప్పు చాలావరకు నెట్‌వర్క్‌ది కాదు, అక్కడి డిస్కుది. ఆ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో) వెళ్లి కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసెగ్ చూడండి. యూఎస్‌బీ రీసెట్ లైన్లు వరసగా కనిపిస్తే డిస్కుకి కరెంటు చాలట్లేదు. రాస్ప్‌బెర్రీ పై 4 యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లు. సొంత అడాప్టర్ లేని 2.5 అంగుళాల డిస్కులు రెండు పెడితే తిరగడం మొదలెట్టే క్షణంలోనే అది దాటిపోతుంది. సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ పెట్టండి. రీసెట్లు లేకపోతే స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే రిపోర్టు) పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొరాయిస్తున్న చోట్ల) అంకె చూడండి. సున్నా కాకపోతే, అదీ పెరుగుతూ ఉంటే, షేర్ సంగతి తర్వాత, ముందు డేటా బయటికి తీయండి.

రెండు లక్షణాలు మాత్రం జనాన్ని ఎక్కువ తిప్పుతాయి. మొదటిసారి ఫోల్డర్ తెరిచినప్పుడు పది సెకన్లు ఆగి, ఆ తర్వాత చకచకా నడిస్తే అది జబ్బు కాదు, నిద్రపోయిన డిస్కు లేస్తోందంతే. ఫైళ్ల జాబితా వస్తుంది గానీ కాపీ మొదలెట్టగానే ఆగిపోతే అది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) తేడా. ముక్కలు చేయొద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపండి. అది మామూలు 1500 ఎంటీయూకి సరిపోయే కొలత. వైర్‌గార్డ్ (వీపీఎన్) మీద మామూలు ఎంటీయూ 1420 కాబట్టి 1392 దాకా వెళ్లాలి, పీపీపీఓఈ (యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే) ఫైబర్ మీద 1464. ఒక సర్వర్‌కి 9000 బైట్ల జంబో ఫ్రేములు (పెద్ద ప్యాకెట్లు) పెట్టి రెండోదాన్ని, మధ్య స్విచ్‌ని వదిలేసినా ఇదే జరుగుతుంది. ఇంటికి జంబో ఫ్రేములు అక్కర్లేదన్నది మా మాట.

ఎన్ఎఫ్ఎస్: లినక్స్-లినక్స్ మధ్య మొదటి ఎంపిక, కానీ మౌంట్ ఎలా చేశారన్నదే అసలు సంగతి

ఎన్ఎఫ్ఎస్ మామూలుగా హార్డ్ మౌంట్. సర్వర్ పోతే రేవులో పంటు కోసం నిలబడ్డ ప్రయాణికుడిలా, వచ్చేదాకా కదలదు. డీమెసెగ్‌లో 'నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్' అని రాస్తుంది. దీన్ని చాలామంది లోపమనుకుంటారు గానీ డేటా వైపు నుంచి చూస్తే ఇదే సరైన నడత. సర్వర్ అదే ఐపీతో తిరిగొస్తే ఆగిన రాత ఆగిన చోటే అందుకుంటుంది, ఫైలు చెడదు.

సాఫ్ట్ మౌంట్ గడువు దాటాక ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఆ గడువుని లెక్కేసేవి టైమియో (ఒక్కో ప్రయత్నానికి గడువు), రీట్రాన్స్ (మళ్లీ ఎన్నిసార్లు అడగాలి). టైమియో సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. టీసీపీ మీద మామూలు విలువ 600, అంటే 60 సెకన్లు, రీట్రాన్స్ 2. ఈ విలువలతో సాఫ్ట్ పెట్టినా ఎర్రర్ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి "సాఫ్ట్ పెట్టినా బిగుసుకుంటోంది" అనిపిస్తుంది. టైమియో 100 చేస్తే నిమిషం అటూ ఇటూగా తేలుతుంది. ప్రమాదం రాతలో ఉంది: ఎర్రర్‌ని పట్టించుకోని ప్రోగ్రామ్ సగం రాసిన ఫైలుని పూర్తయిందనుకుంటుంది. అందుకే సాఫ్ట్‌ని చదవడానికి మాత్రమే ఉన్న షేర్లకి వాడండి, ఆర్ఓ (రీడ్-ఓన్లీ) కూడా జతచేసి. ఇంట్లో సినిమాలు ప్రసారం చేసే జెల్లీఫిన్ ప్రోగ్రామ్ సినిమాల ఫోల్డర్‌కి ఇది సరిగ్గా సరిపోతుంది. కొత్త కెర్నెళ్లలో సాఫ్ట్ఎర్ అని ఇంకోటుంది. అది మామూలు ఐఓ ఎర్రర్ బదులు గడువు దాటిందని స్పష్టంగా చెబుతుంది, కారణం వెతకడం తేలికవుతుంది. పాత సలహాల్లో కనిపించే ఇంటర్ అనే ఆప్షన్‌ని 2.6.25 కెర్నెల్ తర్వాత లినక్స్ పట్టించుకోవడం లేదు. రాసినా దండగ.

ఆటోమౌంట్ మూడో దారి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏవేవి మౌంట్ చేయాలో రాసే ఫైలు) ఎక్స్-సిస్టమ్‌డీ-ఆటోమౌంట్, నోఫెయిల్ (దొరక్కపోయినా బూట్ ఆగొద్దని), మౌంట్-టైమ్‌అవుట్ 15 సెకన్లు, ఐడిల్-టైమ్‌అవుట్ 600 సెకన్లు పెడితే ఎవరైనా ఫోల్డర్ తాకినప్పుడే షేర్ తగులుకుంటుంది, పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే ఊడిపోతుంది. రాత్రి బ్యాకప్‌కి మాత్రమే వాడే షేర్‌కి ఇంతకంటే మంచిది లేదు. అయితే వాడుతున్న మధ్యలో సర్వర్ పోతే మాత్రం ఇది కాపాడదు, కింద ఉన్నది హార్డ్ మౌంటే కదా.

కరెంటు తిరిగొచ్చిన తర్వాత వచ్చే అయోమయం ఒకటుంది. సర్వర్ లేచింది, పింగ్ వస్తోంది, పోర్టు తెరిచింది, అయినా ఫైళ్లు తెరుచుకోవు. ఎన్ఎఫ్ఎస్ 4 సర్వర్ లేచాక పాత లాకులు (ఫైళ్ల మీద పట్టు) తిరిగి అడిగేవాళ్ల కోసం మామూలుగా 90 సెకన్లు గ్రేస్ (వెసులుబాటు) ఇస్తుంది. ఆ లోపు కొత్తగా తెరవాలన్న అభ్యర్థనలు ఆగే ఉంటాయి. ఆ నిమిషంన్నర ఓపిక పట్టలేక క్లయింటుని (షేర్ వాడే సర్వర్‌ని) కూడా రీబూట్ చేసేవాళ్లే ఎక్కువ.

'స్టేల్ ఫైల్ హ్యాండిల్' (ఫైలుకి సర్వర్ ఇచ్చిన గుర్తు ఇక చెల్లదు) అని వస్తే అది వేరే కథ. యూఎస్‌బీ డిస్కు ఊడి వేరే డివైస్ నంబరుతో తగులుకుంది, లేదా ఫార్మాట్ అయింది. ఏ ఫోల్డర్లు పంచాలో సర్వర్‌లో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో ఆ షేర్‌కి ఎఫ్ఎస్ఐడీ అని ఒక అంకె కట్టేస్తే డివైస్ నంబరు మారినా హ్యాండిల్ మారదు.

సర్వర్ తిరిగి వచ్చే ఆశ లేకపోతే అన్‌మౌంట్ మైనస్-ఎఫ్, అప్పటికీ వదలకపోతే మైనస్-ఎల్. మైనస్-ఎల్ ఫోల్డర్‌ని కంటికి కనిపించకుండా చేస్తుంది గానీ ఇరుక్కున్న ప్రాసెస్‌లని విడిపించదు.

సాంబా: ఇంట్లో విండోస్ ఉంటే ఇదే

లినక్స్ వైపు సాంబా షేర్‌ని తగిలించే సీఐఎఫ్ఎస్ మౌంట్ ఎన్ఎఫ్ఎస్‌కి తిరగబడి ఉంటుంది: మామూలుగానే సాఫ్ట్. సర్వర్ పోతే కాసేపు ఆగి 'హోస్ట్ ఈజ్ డౌన్' అంటుంది. ఆ కాసేపు ఎంతన్నది ఎకో-ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి సర్వర్‌ని పలకరించాలి) మీద ఆధారపడుతుంది. మామూలు విలువ 60 సెకన్లు, తెగిపోయిందని తేల్చుకోవడానికి దానికి రెండు మూడు రెట్లు పడుతుంది. 10 పెడితే అరనిమిషంలో తేలుతుంది. సాఫ్ట్ కాబట్టి రాతల ప్రమాదం ఇక్కడా ఉంది, ఎవరూ చెప్పరంతే.

సాంబాలో "పలకట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావరకు నిజానికి వెర్షన్ గొడవలు. రూటరు వెనక యూఎస్‌బీ పోర్టుకి డిస్కు తగిలించి షేర్ చేసే పాత మోడళ్లు ఎస్ఎంబీ 1 (సాంబా, విండోస్ మాట్లాడే భాషలో మొదటి వెర్షన్) మాత్రమే మాట్లాడతాయి. విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి అది ముందుగా వేసి రావడం లేదు. దాన్ని తిరిగి ఆన్ చేయడం కంటే ఆ డిస్కుని పీకి సర్వర్‌కి తగిలించడం మేలు. విండోస్ 11 24హెచ్2 వచ్చాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు కూడా చాలా ఇళ్లలో ఆగిపోయాయి. సాంబాలో ఒక యూజర్‌ని చేర్చి పాస్‌వర్డ్ పెట్టేయండి, రెండు నిమిషాల పని. లినక్స్ క్లయింట్లలో ఆ పాస్‌వర్డ్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయకుండా వేరే క్రెడెన్షియల్స్ ఫైలులో పెట్టి 600 (యజమాని మాత్రమే చదివే) అనుమతులు ఇవ్వాలి.

ఎస్ఎస్‌హెచ్‌ఎఫ్ఎస్: అప్పుడప్పుడు చూసుకోవడానికి

ఇది ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫోల్డర్‌ని తగిలిస్తుంది. పోర్టు 22 ఉంటే చాలు, సర్వర్ మీద అదనంగా ఏమీ వేయక్కర్లేదు. రీకనెక్ట్, సర్వర్-అలైవ్-ఇంటర్వెల్ 15, కౌంట్-మ్యాక్స్ 3 పెడితే 45 సెకన్లలో తెగిన సంగతి గ్రహిస్తుంది. ఇవి లేకుండా మౌంట్ చేస్తే ఎన్ఎఫ్ఎస్ హార్డ్ కంటే మొండిగా కూర్చుంటుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో ఏఈఎస్‌కి (ఎన్‌క్రిప్షన్ పద్ధతికి) ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు కాబట్టి ఎన్‌క్రిప్షన్ భారం అంతా సీపీయూ మీదే పడుతుంది. పై 5లో ఉంది. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఏ బోర్డు మీదైనా నెమ్మదే. శాశ్వత షేర్‌గా దీన్ని పెట్టకండి.

సింక్‌థింగ్, ఆర్‌సింక్: అసలు షేరే వద్దనుకుంటే

ఇవి ఫైళ్లని ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసే ప్రోగ్రాములు. చాలా ఇళ్లకి నిజంగా కావలసింది ఇదే, షేర్ మోజులో గమనించరు. ఒకే ఫైలుని రెండు సర్వర్లూ ఒకేసారి రాయనప్పుడు, రెండు చోట్లా కాపీ పట్టేంత డిస్కు ఉన్నప్పుడు, నెట్‌వర్క్ షేర్‌తో పనే లేదు. అవతలి సర్వర్ మూడు రోజులు పడిపోయినా ఇవతల ఏదీ ఆగదు. లేచాక మిగిలినది సర్దుకుంటుంది.

సింక్‌థింగ్ 22000 పోర్టు మీద నడుస్తుంది, మార్పులు కనిపెట్టిన వెంటనే పంపుతుంది, గంటకోసారి పూర్తిగా తిరిగి చూస్తుంది. దీనిలో ఒక చిన్న జాగ్రత్త మాకు బాగా నచ్చుతుంది: ప్రతి ఫోల్డర్‌లో ఎస్‌టీఫోల్డర్ అనే దాచిన గుర్తు పెడుతుంది. డిస్కు మౌంట్ కాకుండా ఖాళీ ఫోల్డర్ కనిపిస్తే ఆ గుర్తు లేదు కాబట్టి ఆగిపోతుంది, "ఫైళ్లన్నీ చెరిపేశారు" అనుకుని అవతల కూడా చెరపదు. ఆర్‌సింక్‌కి ఆ తెలివి లేదు. డిలీట్ ఆప్షన్‌తో రాత్రి 2 గంటలకి క్రాన్‌లో (చెప్పిన వేళకి పని నడిపే ఏర్పాటు) పెట్టి, ఆ రాత్రే సోర్స్ డిస్కు ఊడి ఉంటే, బ్యాకప్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. స్క్రిప్టు మొదటి లైనులో మౌంట్‌పాయింట్ ఆదేశంతో డిస్కు ఉందో లేదో చూడండి, మ్యాక్స్-డిలీట్ 100 లాంటి పరిమితి పెట్టండి.

అయితే సింక్ అంటే బ్యాకప్ కాదు. ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. అందుకే అందుకునే వైపు ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేయాలి.

ఎవరికి ఏది

అమలాపురంలో పెళ్లి వీడియోల స్టూడియో అనుకుందాం: విండోస్ ఎడిటింగ్ సిస్టమ్, ఒక లినక్స్ సర్వర్. ఎడిటింగ్ సాంబా మీద చేయండి గానీ ప్రాజెక్ట్ ఫైలు, క్యాష్ మాత్రం ఎడిటింగ్ సిస్టమ్‌లోని ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి. రెండో సర్వర్‌కి ఒరిజినల్ క్లిప్పులు రాత్రి ఆర్‌సింక్. వేగం సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోతే సాంబా సెట్టింగుల జోలికి పోకండి. వైరులో ఒక జత తెగి లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది, ఈథ్‌టూల్ ఆదేశంలో కనిపిస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పు గాలికి ఆర్‌జే-45 (నెట్‌వర్క్ వైరు చివరి ప్లగ్గు) పిన్నులు తుప్పు పడతాయి. చవక వైర్లలో రాగి పూసిన అల్యూమినియం ఉంటుంది. కొత్త రాగి వైరు వేసి చూడటం అన్నిటికంటే ముందు.

చెరువు షెడ్డులో సీసీటీవీ రికార్డింగ్ అయితే నెట్‌వర్క్ షేర్ మీద నేరుగా రాయడం పూర్తిగా తప్పు. రికార్డింగ్ అక్కడి డిస్కు మీదే జరగాలి, ఇంటికి కాపీ మాత్రం వెళ్లాలి. చెరువుల మీదుగా వేసిన 5 గిగాహెర్ట్‌జ్ డిష్ లింకులు నీటి మీద పడి తిరిగొచ్చే తరంగాల వల్ల రోజులో కొన్ని వేళల్లో తగ్గుతాయి. మధ్యలో తడిసిన కొబ్బరాకు అడ్డొస్తే ఇంకా తగ్గుతాయి. వైరు వేయాలంటే రాగి ఈథర్నెట్‌కి హద్దు 100 మీటర్లు, పైగా పిడుగు పడితే రెండు చివరలూ పోతాయి. ఫైబరు, దాన్ని ఈథర్నెట్‌కి మార్చే రెండు మీడియా కన్వర్టర్లు వేయండి.

ఇంట్లో జెల్లీఫిన్, ఇమ్మిచ్ (ఫొటోలు దాచే ప్రోగ్రామ్) లాంటివి నడిపేవాళ్లకి: సినిమాలు, ఫొటోలు షేర్ మీద ఉండొచ్చు, డేటాబేస్ ఎప్పుడూ లోకల్ డిస్కు మీదే ఉండాలి. ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలుగా ఉండే డేటాబేస్) లాకింగ్ నెట్‌వర్క్ షేర్ల మీద నమ్మదగినది కాదు. సినిమాలకి ఎన్ఎఫ్ఎస్ సాఫ్ట్, చదవడానికి మాత్రమే. ఫొటోలు పైకి ఎక్కించే ఫోల్డర్‌కి ఎన్ఎఫ్ఎస్ హార్డ్, ఆ రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్ మీద.

ఊరి ఇంట్లో ఒక సర్వర్, హైదరాబాదు ఫ్లాట్‌లో ఒకటి ఉన్నవాళ్లు వాటి మధ్య ఎన్ఎఫ్ఎస్ మౌంట్ పెట్టకండి. ప్రొవైడర్ల క్యారియర్ నాట్ (ఒకే ఐపీని చాలా ఇళ్లకి పంచే ఏర్పాటు) వెనక కాసేపు మాటలు లేకపోతే కనెక్షన్ పద్దు చెరిగిపోతుంది, రెండు వైపులా బతికున్నట్టే కనిపిస్తూ షేర్ చచ్చిపోతుంది. వైర్‌గార్డ్‌లో పర్సిస్టెంట్-కీప్‌అలైవ్ 25 పెట్టి, పైన సింక్‌థింగ్ నడపండి.

కరెంటు తిరిగొచ్చే క్రమం

ఏది ఎంచుకున్నా చివరికి దెబ్బతినేది ఇక్కడే. డిస్కుల సర్వర్‌లో యూఎస్‌బీ డిస్కు ఎఫ్ఎస్‌ట్యాబ్ లైనులో నోఫెయిల్ లేకపోతే, డిస్కు ఆలస్యంగా లేచిన రోజున సిస్టమ్‌డీ (లినక్స్‌లో అన్నిటినీ మొదలెట్టించే ప్రోగ్రామ్) 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. మానిటరు, కీబోర్డు తగిలిస్తే తప్ప బయటికి రాదు. నోఫెయిల్ పెడితే సర్వర్ లేస్తుంది గానీ ఖాళీ ఫోల్డర్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, క్లయింటు రాసిందంతా మెమరీ కార్డులోకి పోయి అది నిండిపోతుంది. అందుకే రెండూ కలిపి పెట్టాలి: ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్, ఎక్స్‌పోర్ట్స్‌లో మౌంట్‌పాయింట్ ఆప్షన్. అది డిస్కు నిజంగా మౌంట్ అయితేనే షేర్ ఇస్తుంది. క్లయింటు వైపు కూడా ఇదే ముప్పు. షేర్ మౌంట్ కానప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ ప్లస్-ఐ (మార్చకుండా తాళం వేసే ఆదేశం) కొట్టి ఉంచితే రూట్ కూడా దాన్లో ఏమీ రాయలేడు. డాకర్ కంటైనర్లకి (ప్రోగ్రాములని విడివిడిగా నడిపే పెట్టెలకి) షేర్‌ని బైండ్ మౌంట్‌గా (సర్వర్ మీది ఫోల్డర్‌ని నేరుగా చూపించి) కాకుండా ఎన్ఎఫ్ఎస్ వాల్యూమ్‌గా ఇస్తే, షేర్ లేని రోజున కంటైనర్ అసలు మొదలవ్వదు, తప్పుడు చోట రాయదు.

ఏ డిస్కు ఏ సర్వర్‌ది, ఏ సర్వర్ దేన్ని వాడుతుంది అన్నది ఒకే దిక్కున సాగాలి. మొదటిది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని మౌంట్ చేసుకుంటే, ఇద్దరూ ఒకేసారి లేచిన ఉదయాన ఒకరి కోసం ఒకరు కాచుకుంటారు.

ఇన్వర్టర్ మీద పెట్టేటప్పుడు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మార్పిడి నెమ్మదిగా జరిగి ఫ్యానుకి తెలియదు గానీ సర్వర్‌కి తెలుస్తుంది. రూటరు, స్విచ్, రెండు సర్వర్లు నాలుగూ ఒకే లైను మీద ఉండాలి. బ్యాటరీ చాలదనుకుంటే మొత్తం ఆపండి, అదీ క్రమంగా: ముందు వాడుకునే సర్వర్, తర్వాత డిస్కుల సర్వర్. యూపీఎస్‌కి యూఎస్‌బీ పోర్టు ఉంటే నట్ అనే ప్రోగ్రామ్ ఈ పని చేసిపెడుతుంది. డిస్కుల సర్వర్‌కి యూపీఎస్ తగిలించండి, రెండోది పోర్టు 3493 మీద కబురు అందుకుంటుంది.

అంతా పెట్టాక కరెంటు పోయేదాకా ఆగకండి. పెద్ద ఫైలు ఒకటి కాపీ పెట్టి, డిస్కుల సర్వర్ నెట్‌వర్క్ వైరు పీకండి. ఐదు నిమిషాలాగి తిరిగి పెట్టండి. హార్డ్ మౌంట్ అయితే కాపీ అందుకోవాలి, సాఫ్ట్ అయితే లెక్కేసుకున్న గడువులోపు ఎర్రర్ రావాలి. కాపీ అయిన ఫైలుని రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ256సమ్‌తో (ఫైలుకి చెక్‌సమ్ ఇచ్చే ఆదేశంతో) పోల్చి చూడండి. తర్వాత అదే పరీక్ష సర్వర్‌ని రీస్టార్ట్ చేసి చేయండి, ఈసారి గ్రేస్ కోసం మరో 90 సెకన్లు కలుపుకుని.